రేటు తగ్గినప్పుడు చికెన్, చేపలు ఎక్కువ కొని దాచుకుంటే నిజంగా డబ్బు మిగులుతుందా?

మీ ఇంట్లో నలుగురు, ఉండేది హైదరాబాద్‌లో, వారానికి రెండు రోజులు నాన్‌వెజ్ అన్నారు. ధర తగ్గినప్పుడు, సూపర్‌మార్కెట్‌లో సగం ధర స్టిక్కర్ వేసినప్పుడు ఎక్కువ కొని పెట్టుకోవచ్చా, ఎన్నాళ్ళు ఉంటుంది, దానికోసం వేరే డీప్ ఫ్రీజర్ కొనాలా అని అడిగారు. ఫ్రీజర్‌లో పెట్టిన మాంసానికి రుచి ఉండదని మీ అత్తగారు అంటున్నారట, అది నిజమేనా అని కూడా అడిగారు.

నేను విశాఖలో రొయ్యలు, చేపలు ఎగుమతి చేసే ప్లాంట్‌లో క్వాలిటీ విభాగంలో 17 ఏళ్ళు పనిచేశాను. ఇంట్లో కూడా పాతికేళ్ళుగా ఇలాగే కొని పెట్టుకుంటున్నాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

కొనండి, పెట్టుకోండి. తప్పేమీ లేదు. కానీ కొట్టు దగ్గర మిగిలిన వంద రూపాయలు ఇంటికి వచ్చాక మొదటి రెండు గంటల్లో నిలబడతాయి, లేదా పోతాయి. తెచ్చిన కవర్‌ను తెచ్చినట్టే పై అరలో పడేసేవాళ్ళకు నెల తిరిగేసరికి ఎవరూ తినని గడ్డ ఒకటి మిగులుతుంది. అది పారేసినప్పుడు పోయే డబ్బును ఎవరూ లెక్కలో వేసుకోరు.

ముందు ఫ్రీజర్ ఏం చేస్తుందో అర్థం చేసుకోండి. అది సూక్ష్మజీవుల్ని చంపదు, వాటిని ఉన్నచోటే ఆపేస్తుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర అవి పెరగలేవు. బయటికి తీసి కరిగించగానే ఆగినచోటి నుంచి మళ్ళీ మొదలుపెడతాయి. అంటే మధ్యాహ్నం రెండు గంటల దాకా ఎండలో ఉన్న చేపను చవగ్గా తెచ్చి ఫ్రీజర్‌లో పెడితే, నెల తర్వాత మీరు బయటికి తీసేది కూడా ఎండలో ఉన్న ఆ చేపనే. పాతదాన్ని తాజాగా మార్చే శక్తి ఏ ఫ్రీజర్‌కూ లేదు. మా ప్లాంట్‌లో అలా పాతబడిన రొయ్యను గేటు దగ్గరే వెనక్కి పంపేవాళ్ళం గానీ, లోపలికి తీసుకుని ఫ్రీజ్ చేస్తే సర్దుకుంటుందిలే అని ఎప్పుడూ అనుకోలేదు. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టుకోండి.

ఇక ఎప్పుడు కొనాలి? మన దగ్గర ధరలు క్యాలెండర్‌ను బట్టి నడుస్తాయి. శ్రావణ మాసం, కార్తీక మాసం రాగానే చాలా ఇళ్ళలో మాంసం మానేస్తారు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప దీక్షలు. ఆ రోజుల్లో కోళ్ళు ఫారాల్లో నిలిచిపోతాయి కాబట్టి ధర దిగుతుంది. దసరా, సంక్రాంతి, కొత్త సంవత్సరం దగ్గర పెరుగుతుంది. ఎండాకాలంలో వేడికి కోళ్ళు చనిపోతాయి, మేత సరిగా తినక బరువు పెరగవు, అందుకని అప్పుడూ సాధారణంగా ధర ఎక్కువే. మీ ఇంట్లో శ్రావణం పాటించకపోతే ఆ నెల మీకు కలిసొచ్చే నెల. పాటించే ఇల్లయితే, ఆ రోజుల్లో ఫ్రిజ్‌లో మాంసం ఉండటమే పెద్దవాళ్ళకు ఇష్టం ఉండదు. వాళ్ళ మనసు నొప్పించి మిగిల్చే రెండు వందల రూపాయల కోసం ఇంట్లో టెన్షన్ పెట్టుకోవద్దని నా సలహా.

సముద్రపు చేపలకు లెక్క వేరు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ విరామం ఇస్తారు. ఆ రెండు నెలలూ వంజరం, చందువ లాంటివి ధర మండిపోతాయి. దొరికేవాటిలో కొన్ని ముందే ఫ్రీజ్ చేసి పెట్టినవి కూడా ఉంటాయి. కాబట్టి మార్చి నెలాఖరులో, ఏప్రిల్ మొదటి వారంలో కొని పెట్టుకుంటే ఆ రెండు నెలలూ గడుస్తాయి. జూన్ 15 తర్వాత పడవలు వెళ్ళి, సరుకుతో తిరిగి వచ్చాక ధర మెల్లగా దిగుతుంది. హైదరాబాద్‌లో మృగశిర కార్తె రోజు చేప తినాలన్న ఆనవాయితీ ఉంది కదా, జూన్ 7, 8 తేదీల్లో రాంనగర్ మార్కెట్‌లో కాలు పెట్టే చోటు ఉండదు. ఆ రోజు ధరకు కొనడం కన్నా మూడు నాలుగు రోజుల ముందు బొచ్చె, శీలావతి కొని పెట్టుకోవడం మేలు. కొరమీను మాత్రం బతికున్నది కొని ఆరోజే వండుకోవాలి, దాని రుచంతా అందులోనే ఉంది.

వారంలో చూస్తే ఆదివారం చేపలకు ధర ఎక్కువ. మంగళ, గురు, శనివారాల్లో తినేవాళ్ళు తక్కువ కాబట్టి బేరం కుదురుతుంది. సాయంత్రం పూట మిగిలిన చేపను తగ్గించి ఇస్తారు. ఐస్‌లో కప్పి ఉంచిన చేప అయితే తీసుకోవచ్చు, పైన రెండు ఐస్ ముక్కలు చల్లి బల్ల మీద పరిచింది అయితే సగం ధరకు ఇచ్చినా వద్దు.

చేపను ఎలా చూడాలో మీకు తెలిసే ఉంటుంది: మొప్పలు ఎర్రగా, కళ్ళు ఉబ్బెత్తుగా, వేలితో నొక్కితే గుంట నిలవకుండా ఉండాలి. ఫ్రీజ్ చేసుకోబోయేవాళ్ళు ఇంకోటి చూడాలి. అది ఒకసారి ఫ్రీజ్ అయి కరిగిన చేపా, కాదా? అలాంటిదాని కన్ను తెల్లగా మసకబారి ఉంటుంది, కండ మెత్తగా ఉండి కోస్తే నీరు కారుతుంది. ఈరోజు వండుకోవడానికి పరవాలేదు గానీ, మళ్ళీ ఫ్రీజ్ చేస్తే పీచుపీచుగా అయిపోతుంది. నేరుగా అడగండి, "అన్నా, ఇది ఐస్ సరుకా, ఫ్రీజర్ సరుకా?" అని. రెగ్యులర్‌గా కొనేవాళ్ళకు చాలామంది నిజమే చెబుతారు.

రొయ్యల్లో తల నల్లబడితే కుళ్ళిందని అనుకుంటారు. ఆ నలుపు రొయ్యలోనే ఉండే ఎంజైము వల్ల వస్తుంది. అదొక్కటే చూసి కుళ్ళు అనలేం, కానీ పట్టి చాలా సేపయిందని, ఐస్ సరిగా పెట్టలేదని మాత్రం అది చెబుతుంది. తల ఊగిపోతూ, అమ్మోనియా వాసన వస్తుంటే ఎంత చవకైనా వదిలేయండి.

ఒక చిన్న లెక్క కూడా నేర్చుకోండి, ఎందుకంటే బోర్డు మీద ధర చూసి చాలామంది మోసపోతారు. తలతో ఉన్న రొయ్యలు కిలో ఒలిస్తే చేతికి వచ్చేది సుమారు సగం. తలతో కిలో 320 అని, పక్కన ఒలిచినవి 600 అని ఉంటే మొదటిది చవక అనిపిస్తుంది. నిజానికి దాని ధర 640 పడుతోంది, పైగా గంట పని మీదే. కోళ్ళ దగ్గరా అంతే. రెండు కిలోల బతికున్న కోడికి స్కిన్‌లెస్ మాంసం సుమారు 1.3 కిలోలు వస్తుంది. లైవ్ ధరను 0.65తో భాగిస్తే స్కిన్‌లెస్ అసలు ధర తెలుస్తుంది. లైవ్ 130 అయితే అది 200. బోర్డు మీద స్కిన్‌లెస్ 230 ఉంటే కోడిని తూకం వేయించి కోయించుకోండి. నా అనుభవంలో ఆఫర్ల వల్ల కన్నా ఈ లెక్క వల్లే ఎక్కువ మిగిలింది. బోన్‌లెస్ ప్యాకెట్ కొనడం మానేసి మొత్తం కోడి కొని, రొమ్ము ముక్కలు వేరు, లెగ్ పీసులు వేరు, మెడ, వీపు ఎముకలు సూప్‌కి వేరుగా కట్టుకుంటే ఒకే కోడిలో మూడు పూటల వంట ఉంది.

సూపర్‌మార్కెట్‌లో తేదీ దగ్గరపడి స్టిక్కర్ వేసిన ట్రేలు కొనొచ్చు. చల్లటి అరలోనే ఉండాలి, ట్రే అడుగున ఎర్ర నీరు నిలిచి ఉండకూడదు, ప్యాకెట్ ఉబ్బి ఉండకూడదు. కొన్న రోజే ఫ్రీజ్ చేయాలి, తేదీ దాటనివ్వకూడదు. కరిగించాక అదే రోజు వండేయాలి. ఫ్రోజెన్ ప్యాకెట్ల మీద ఆఫర్ అయితే ప్యాకెట్‌ను చేత్తో తడిమి చూడండి. ముక్కలన్నీ ఒకే గడ్డగా అతుక్కుని, లోపల మంచు పొరలు పొరలుగా పేరుకుని ఉంటే అది మధ్యలో ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం. అది వదిలేయండి.

అన్ని తగ్గింపులూ ఒకటి కావు. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్ళలో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు చికెన్ ధర ఒక్కసారిగా పడిపోయింది. బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదు, 70 డిగ్రీలు దాటితే చచ్చిపోతుంది. అయినా నేను అప్పుడు ఒక్క కిలో కూడా ఎక్కువ కొనలేదు. ఫ్రీజర్ వైరస్‌ను చంపదు, పచ్చి మాంసాన్ని కడిగి ముక్కలు చేసేది మన చేతులే. ధర దేనివల్ల తగ్గిందో తెలిస్తేనే దాచుకోండి.

ఇప్పుడు మీ అత్తగారి మాట. ఆవిడ చెప్పింది ఊరికే అన్నమాట కాదు, మన ఇళ్ళలో జరిగే తప్పు ఆవిడకు నోటికి తెలుస్తోంది. ఆ తప్పు ఏమిటో చెబుతాను.

మనం కొట్టు దగ్గర అప్పుడే కోసిన కోడి, అప్పుడే కోసిన పొట్టేలు కొంటాం. ఇంటికి వచ్చేసరికి మాంసం ఇంకా వెచ్చగానే ఉంటుంది. ప్రాణం పోయాక కండరాలు బిగుసుకుంటాయి, కొన్ని గంటల తర్వాత మళ్ళీ సడలుతాయి. ఆ బిగువు సడలకముందే ఫ్రీజర్‌లో పెడితే, కరిగించి వండినప్పుడు ముక్క రబ్బరులా సాగుతుంది, ఎన్ని విజిల్స్ పెట్టినా లొంగదు. అందుకని చికెన్‌ను ముందు ఫ్రిజ్ కింది గదిలో మూతపెట్టి ఆరేడు గంటలు ఉంచండి. మటన్‌ను ఒక రాత్రంతా, వీలైతే 24 గంటలు ఉంచండి. ఆ తర్వాత ఫ్రీజర్‌లోకి మార్చండి. ఈ ఒక్క మార్పుతో మా ఇంట్లో "ఫ్రీజర్ మటన్" అన్న మాటే పోయింది. వెంటనే వండుకునే మటన్‌కు కూడా ఇలా ఒక రాత్రి ఆగడం మంచిదే.

చేపకు సరిగ్గా దీనికి ఉల్టా. చేప గంట గంటకూ దిగజారుతుంది, ఆగేకొద్దీ నష్టం. తెచ్చిన వెంటనే పొట్ట, మొప్పలు తీసి, చన్నీళ్ళతో కడిగి, తడి అద్ది ఫ్రీజర్‌లో పెట్టేయాలి. పొట్టలో పేగులు ఉంచి ఫ్రీజ్ చేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

రెండో తప్పు మందం. నీరు నెమ్మదిగా గడ్డకడితే పెద్ద పెద్ద మంచు పలుకులు ఏర్పడి కండ కణాల్ని చీల్చేస్తాయి. కరిగించినప్పుడు గిన్నెలో నిలిచే ఎర్ర నీరు అదే. రుచి, రసం అంతా ఆ నీటితో పోతుంది. మా ప్లాంట్‌లో మైనస్ 40 డిగ్రీల పలకల మధ్య రొయ్యల్ని నొక్కిపెట్టి చకచకా గడ్డకట్టించేవాళ్ళం. ఇంట్లో ఆ వేగం రాదు, కానీ మందం తగ్గించి చాలావరకు సాధించవచ్చు. జిప్ కవర్‌లో అరకిలో వేసి, గాలి మొత్తం బయటికి నొక్కేసి, వేలి మందంలో పలుచగా పరిచి, స్టీలు పళ్ళెం మీద పెట్టి గడ్డకట్టించండి. స్టీలు చల్లదనాన్ని తొందరగా అందిస్తుంది. గట్టిపడ్డాక పుస్తకాల్లా నిలబెట్టి సర్దుకోవచ్చు, చోటు కలిసొస్తుంది. కిలోన్నర చికెన్‌ను గుండ్రంగా ముద్దలా పెడితే మధ్య భాగం గడ్డకట్టడానికి ఒక రాత్రి కూడా చాలదు.

ఒకేసారి ఎక్కువ పెట్టకండి. 20 లీటర్ల ఫ్రీజర్ చోటుకు రోజుకు ఒక కిలో కొత్త సరుకు, అంతకన్నా ఎక్కువ వద్దు. డబుల్ డోర్ ఫ్రిజ్‌లో పై గది 60 లీటర్లు అనుకుంటే రోజుకు మూడు కిలోలు. పది కిలోలు ఒకేసారి కుక్కితే కొత్తవి గడ్డకట్టవు, పాతవి మెత్తబడతాయి.

మూడోది గాలి. గాలి తగిలిన చోట మాంసం ఎండి తెల్లటి మచ్చలు పడుతుంది, అక్కడ ముక్క అట్టలా అయిపోతుంది. మార్కెట్లో ఇచ్చే పలుచటి నల్ల కవర్ దీనికి పనికిరాదు. రొయ్యలకు మా ప్లాంట్ పద్ధతే ఇంట్లో చేయండి. డబ్బాలో రొయ్యలు వేసి అవి మునిగేలా చల్లటి నీళ్ళు పోసి గడ్డకట్టించండి. పైన కొంచెం ఖాళీ వదలండి, నీరు గడ్డకడితే ఉబ్బుతుంది. వంజరం ముక్కలకైతే, ముందు పళ్ళెంలో విడివిడిగా గట్టిపరిచి, ఐస్ నీళ్ళలో ఒక్కసారి ముంచి తీసి, మళ్ళీ గట్టిపరిచి కవర్‌లో వేయండి. ముక్క చుట్టూ గాజులాంటి మంచు పొర ఏర్పడుతుంది, గాలి లోపలికి పోదు.

మసాలా పట్టించి ఫ్రీజ్ చేయడం ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. నాకు అది నచ్చదు. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది, పెరుగు, అల్లం ముక్కను మెత్తబరుస్తాయి. రెండు మూడు వారాలకు మించి ఉంచేదైతే విడిగా పెట్టి, కరిగాక పట్టించుకోండి. సగం ఉడికించి పెట్టడం అసలు వద్దు, అది ప్రమాదం. పూర్తిగా వండిన మటన్ కూర, కీమా మాత్రం చక్కగా ఉంటాయి. అందులో బంగాళాదుంప వేయకండి, కరిగాక పిండిలా అయిపోతుంది. చేపల పులుసు ఫ్రీజ్ చేస్తే ముక్క చెదిరిపోతుంది కాబట్టి దాన్ని మర్నాటికి మించి దాచను.

ఎన్నాళ్ళు అన్నది మీ ఫ్రిజ్‌ను బట్టి ఉంటుంది. కరెంటు ఆదా చెప్పే స్టార్ల లేబుల్ వేరు. కొన్ని ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ తలుపు మీద మంచు నక్షత్రాల గుర్తులు ఉంటాయి. ఒకటి ఉంటే మైనస్ 6 డిగ్రీలు, వారం రోజులే. రెండు ఉంటే మైనస్ 12, నెల. మూడు ఉంటే మైనస్ 18, అప్పుడే నెలల తరబడి దాచడం గురించి ఆలోచించాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో లోపల ఉండే చిన్న ఐస్ గది చాలావాటిలో మైనస్ 18కి చేరదు. అలాంటిది మీదైతే వారం రోజుల సరుకుకు మించి కొనకండి. ఫ్రీజర్‌లో పెట్టే థర్మామీటర్ ఒకటి కొని చూసుకుంటే అనుమానం తీరిపోతుంది.

మైనస్ 18 నిలకడగా ఉంటే చికెన్ ముక్కలు తొమ్మిది నెలల దాకా పాడవవు అంటారు. అయితే మన ఇళ్ళలో ఫ్రీజర్ తలుపు రోజుకు పదిసార్లు తెరుస్తాం, ఐస్‌క్రీమ్ కోసం పిల్లలు ఇంకా ఎక్కువ. అందుకని నేను చికెన్, మటన్ నాలుగు నెలలు, కీమా, లివర్ మూడు నెలలు, వంజరం, చందువ, పండుగప్ప, రొయ్యలు మూడు నెలలు అని పెట్టుకున్నాను. నూనె ఎక్కువ ఉండే కవళ్ళు (సార్డీన్లు), కానాగంతలు (మాకరెల్) రెండు నెలలు దాటితే ముక్కిపోయిన వాసన వస్తుంది, ఎందుకంటే చేపనూనె చలిలో కూడా నెమ్మదిగా చెడుతుంది. చెరువు చేపలు బొచ్చె, శీలావతికి కూడా మూడు నెలలు చాలు.

కానాగంతలు, ట్యూనా విషయంలో ఒక హెచ్చరిక. ఈ జాతి చేపలు ఐస్ లేకుండా వేడిలో ఉంటే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఒకసారి తయారైతే ఫ్రీజ్ చేసినా, ఎంత ఉడికించినా పోదు. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడటం, నాలుక మంటెత్తడం, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. చాలామంది దాన్ని "చేప పడలేదు" అనుకుంటారు. కాబట్టి ఈ చేపల్ని సాయంత్రం తగ్గింపు ధరకు కొనడం నేను ఎప్పుడూ చేయను.

కరిగించడం కూడా అంతే జాగ్రత్తగా చేయాలి. పొద్దున ఆఫీసుకు వెళ్తూ ప్లాట్‌ఫాం మీద పెట్టి సాయంత్రం వచ్చి వండటం మానేయండి. హైదరాబాద్ ఎండల్లో పై ముక్క రెండు గంటల్లోనే వెచ్చబడుతుంది, లోపల ఇంకా రాయిలా ఉంటుంది. ముందు రాత్రి ఫ్రిజ్ కింది అరలో గిన్నెలో పెట్టండి. మర్చిపోతే, కవర్ విప్పకుండా చన్నీళ్ళ గిన్నెలో ముంచి అరగంటకోసారి నీళ్ళు మార్చండి, పలుచగా పరిచిన అరకిలో గంటలోపే కరిగిపోతుంది. ఫ్రిజ్‌లోనే కరిగినదాన్ని వండకపోతే మళ్ళీ ఫ్రీజ్ చేయవచ్చు, రుచి కొంత తగ్గుతుంది. బయట కరిగినదాన్ని మాత్రం మళ్ళీ పెట్టకూడదు. వండేశాక ఆ కూరను పెట్టుకోవచ్చు.

కరెంటు గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకేనాటికి మా ఫ్రీజర్ నిండా సరుకు ఉంది. దసరాకు ముందు కొన్న మటన్, అంతకుముందు తెచ్చిన వంజరం, రొయ్యలు. కరెంటు రోజుల తరబడి రాలేదు. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తెరవకుండా ఉంచితే 48 గంటల దాకా, సగమే ఉంటే 24 గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. మూడో రోజు తలుపు తెరిచి చూస్తే అంతా మెత్తబడి ఉంది. అన్నీ మూటగట్టి పారేశాం. మా అమ్మ అప్పుడు ఏడ్చింది. ఇంటి పెంకులు ఎగిరిపోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు, తిండి పారేయడం ఆవిడకు అంత కష్టం. అప్పటి నుంచి తీరంలో ఉన్నవాళ్ళందరికీ చెబుతున్నాను, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫానుల కాలంలో రెండు వారాల సరుకుకు మించి ఉంచకండి. ఖాళీ చోటు ఉంటే నీళ్ళ సీసాలు గడ్డకట్టించి నింపండి. ఊరు వెళ్ళేటప్పుడు గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టి వెళ్ళండి. తిరిగి వచ్చేసరికి బిళ్ళ అడుగున ఉంటే, మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని తెలుస్తుంది. అప్పుడు వాసన బాగున్నా వండకండి.

ఫ్రీజర్ లేని రోజుల్లో మనవాళ్ళు దాచుకోలేదా? వేసవిలో ఎండుచేపలు, రొయ్యపొట్టు, మెత్తళ్ళు కొని డబ్బాల్లో పెట్టుకుని వానాకాలమంతా వాడుకునేవాళ్ళు. తెలంగాణ, రాయలసీమల్లో మాంసాన్ని పలుచటి ముక్కలు కోసి ఉప్పు, పసుపు, కారం పట్టించి దారానికి గుచ్చి ఎండబెట్టేవాళ్ళు. ఊళ్ళో నలుగురైదుగురు కలిసి ఒక పొట్టేలును కొని, కోయించి, పోగులు వేసుకునేవాళ్ళు. మటన్‌కు ఆఫర్లు దాదాపు రావు కాబట్టి ఈ పోగుల పద్ధతే ఇప్పటికీ దానికి సరైన మార్గం. మీ అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు నలుగురు కలిసి చేసి చూడండి. ఎండుచేపలు కూడా తక్కువ అంచనా వేయకండి. రెండు వందల గ్రాముల మెత్తళ్ళతో వంకాయ కూర నలుగురికి రెండు పూటలు వస్తుంది, ఫ్రీజర్‌లో చోటు కూడా అడగదు.

చివరిగా డీప్ ఫ్రీజర్ కొనాలా అన్నది. లెక్క వేసి చూద్దాం. మీరు నెలకు ఆరు కిలోల చికెన్, నాలుగు కిలోల చేప తింటారనుకుందాం. చికెన్ మీద కిలోకు 50, చేప మీద 40 మిగిలించగలిగితే నెలకు 460 రూపాయలు. ఫ్రీజర్ ధర 15,000 అనుకుంటే ఆ డబ్బు తిరిగి రావడానికే దాదాపు 33 నెలలు పడుతుంది. కరెంటు దానికి అదనం. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో లేబుల్ మీద రాసి ఉంటుంది, మీ యూనిట్ ధరతో గుణించి చూసుకోండి. నలుగురున్న ఇంటికి అది గిట్టదు. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు ఒకే ఇంట్లో ఉంటే, లేదా పోగుల పద్ధతిలో కొంటుంటే అప్పుడు ఆలోచించండి.

మీకు ఇప్పుడున్న ఫ్రిజ్‌తోనే మొదలుపెట్టండి. ఈ వారం రెండు కిలోల చికెన్, కిలో చేప చాలు. ప్రతి కవర్ మీద టేపు అంటించి పేరు, తూకం, ధర, తేదీ మార్కర్‌తో రాయండి. పాతవి ముందుకు, కొత్తవి వెనక్కి పెట్టండి. ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించి, తీసినప్పుడల్లా ఒక గీత కొట్టేయండి. ఆ కాగితం మీద ఇంకా రెండు కవర్లు మిగిలి ఉంటే, బయట ఎంత ఆఫర్ ఉన్నా ఆ వారం కొనకండి.